విశాఖలో పిల్లిపీచర చిగుళ్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖపట్నం చుట్టుపక్కల పిల్లిపీచరను, అంటే అడవి ఆస్పరాగస్‌ను వెతికి, దాని లేత చిగుళ్లను కూరకు కోసుకోవాలనుకునేవారు ఎక్కువగా అడిగే ప్రశ్నలకు సమాధానాలివి. ఈ మొక్క మీద ఇష్టంతో ఎన్నో ఏళ్లుగా దాన్ని గమనిస్తూ, వండుకుంటూ, పెరట్లో పెంచుకుంటూ ఉన్నాను. తొందరలో ఉన్నవారు కూడా అడవినాభి అనే విషపు మొక్క గురించిన సమాధానం చదవకుండా బయలుదేరవద్దు.

విశాఖ కొండల్లో ఆస్పరాగస్ నిజంగా దొరుకుతుందా?

దొరుకుతుంది. అయితే సూపర్ మార్కెట్లో కట్టలు కట్టి అమ్మే జాతి వేరు. దాని శాస్త్రీయ నామం ఆస్పరాగస్ అఫిసినాలిస్. మన కొండవాలుల్లో, తుప్పల్లో, తోటల కంచెల మీద అల్లుకునేది దాని దగ్గరి బంధువు, ఆస్పరాగస్ రేసిమోసస్. తెలుగులో పిల్లిపీచర అంటాం. కొన్ని ఊళ్లలో పిల్లితేగలు, చల్లగడ్డలు అని కూడా వినిపిస్తుంది. ఆయుర్వేద దుకాణంలో శతావరి చూర్ణం పేరుతో ఇచ్చేది దీని దుంపల పొడే.

దుంపల సంగతి చాలామందికి తెలుసు. నేలలోంచి కొత్తగా పొడుచుకొచ్చే కాడలు కూరకు పనికొస్తాయన్న సంగతి మాత్రం మన వైపు అంతగా ప్రచారంలో లేదు. నేపాల్‌లో వీటిని కురిలో అంటారు, అక్కడ అది అందరూ మెచ్చే కూరగాయ. హిమాలయ పాదాల్లోని పల్లెల్లోనూ వండుకుంటారు. అదే మొక్క మన కంచె మీద ఉన్నా మనం చూపు తిప్పుకుని వెళ్లిపోతున్నామన్నదే నా బాధ.

అడవి ఆస్పరాగస్‌ను వసంతంలో కోయాలని అన్నిచోట్లా రాస్తారు. మనం కూడా ఉగాది తర్వాత బయలుదేరవచ్చా?

బయలుదేరవచ్చు, కానీ కోయడానికి కాదు, చూసి గుర్తుపెట్టుకోవడానికి. ఆ రాతలన్నీ చలి దేశాల గురించి, మధ్యధరా తీరం గురించి. ఇటలీ, స్పెయిన్, గ్రీసు దేశాల్లో ఆస్పరాగస్ అక్యుటిఫోలియస్ అనే ముళ్ల జాతి అడవుల్లో పెరుగుతుంది. చలి తగ్గి నేల వెచ్చబడగానే, తడి ఇంకా ఆరకముందే అది చిగురిస్తుంది. అమెరికాలో పొలాల గట్ల మీద, కాలువల పక్కన కనిపించేది తోటల్లోంచి తప్పించుకుని అడవిపాలైన అఫిసినాలిస్. అక్కడ మొక్కను నిద్రపుచ్చేది చలి, నిద్రలేపేది వసంతం.

విశాఖలో మొక్కను నిద్రపుచ్చేది ఎండ. ఫిబ్రవరి నుంచి నేల బిగుసుకుపోతుంది. పిల్లిపీచర తన నీటిని, ఆహారాన్ని దుంపల్లో దాచుకుని పైన వాడిపోయినట్లు ఉంటుంది. కొన్నిచోట్ల పచ్చదనమంతా రాలిపోయి ముళ్ల కాడలే మిగులుతాయి. దాన్ని లేపేది వాన. మే నెలలో సాయంత్రాలు ఉరుములతో వచ్చే గాలివానలు నేలను బాగా తడిపితే అప్పుడే కొన్ని చిగుళ్లు బయటపడతాయి. అసలు కాలం నైరుతి రుతుపవనాలు మనల్ని తాకే జూన్ రెండో వారం నుంచి. కార్తెల లెక్కలో చెప్పాలంటే రోహిణిలో ఓపిక పట్టాలి, మృగశిరలో చూడటం మొదలుపెట్టాలి, ఆరుద్రలో కోసుకోవాలి. వాన ముందు వెనుకలైతే ఇదీ మారుతుంది. క్యాలెండర్ కంటే నేల తడిని నమ్మండి. మంచి వాన పడి మూడు నాలుగు రోజులు గడిచాక, ముందే చూసి పెట్టుకున్న తీగ మొదట్లో వంగి చూడండి.

అయితే వసంతంలో చేయవలసిన పనేమీ లేదా?

చాలా ఉంది. చైత్ర వైశాఖాల్లో తుప్పలు పలచబడతాయి, దారులు తేటగా కనిపిస్తాయి. ఎండిపోయిన పాత ముళ్ల కాడలు ఏ పొదలోకి ఎగబాకాయో, వాటి మొదలు ఎక్కడుందో తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి సమయం లేదు. వానలు పడ్డాక ఆ చోటంతా పచ్చగా కమ్ముకుపోతుంది, ఏది ఏ మొక్కో విడదీయడం కష్టమవుతుంది. అమెరికాలో అనుభవం ఉన్నవారు కూడా ఇదే పద్ధతి పాటిస్తారు. శరదృతువులో పసుపు రంగుకు తిరిగి నిలబడిన ఎండు మొక్కలను గుర్తుపెట్టుకుని, వసంతంలో నేరుగా అక్కడికే వెళతారు.

మన దగ్గర గుర్తుపెట్టుకోవడానికి ఇంకో మంచి సమయం ఉంది. వానలు వెనకపట్టాక, అక్టోబరు ప్రాంతంలో, ఈ తీగ చిన్న చిన్న తెల్లటి పువ్వుల గుత్తులతో నిండిపోతుంది. సువాసన కూడా ఉంటుంది. అప్పుడు చూసినవారు మరి పొరపడరు.

వసంతంలో ఖాళీ సంచితో ఇంటికి రావాలనిపించకపోతే చింతచిగురు ఉంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో విశాఖ చుట్టూ చింతచెట్లు లేత ఎరుపు చిగురు వేస్తాయి. ఆ కాలానికి మన నేల ఇచ్చే చిగురు అదే.

మొక్కను ఎలా గుర్తుపట్టాలి?

ఒక్క గుర్తుతో నిర్ధారించుకోవద్దు. నాలుగైదు గుర్తులు కలిస్తేనే అది పిల్లిపీచర అనుకోండి.

మొదట తీగ చూడండి. సన్నటి కాడ, గట్టిగా, కొయ్యబారి ఉంటుంది. పక్కనున్న బలుసు పొదనో కలివి పొదనో ఆసరా చేసుకుని పైకి పాకుతుంది. నులితీగలుండవు. ముళ్లతో పట్టుకుంటుంది. ఆ ముళ్లు కాడ వెంట కొంత దూరానికొకటి, నేరుగానో కాస్త వెనక్కి వంగో ఉంటాయి. చేత్తో తీగను కిందికి లాగితే వెంటనే తెలుస్తుంది.

తర్వాత ఆకులు. నిజానికి ఇవి ఆకులు కావు, ఆకుల పని చేసే సన్నటి కొమ్మలు. ఆస్పరాగస్ ప్రజాతిలో అసలు ఆకులు పొలుసులుగా కుంచించుకుపోయాయి, ప్రధాన కాడ మీద అవే ముళ్లుగా మారాయి. సూదుల్లాంటి ఆ చిన్న కొమ్మలు రెండు నుంచి ఆరు వరకు ఒక్కో కుచ్చులో ఉంటాయి. ఒక్కోటి ఒకటి నుంచి రెండున్నర సెంటీమీటర్ల పొడవు, కొద్దిగా కొడవలిలా వంపు తిరిగి ఉంటుంది. దూరం నుంచి చూస్తే తీగంతా నురగలా, మెత్తగా కనిపిస్తుంది. వేళ్లు పెడితే ఆ మెత్తదనం కింద ముళ్లు తగులుతాయి.

పువ్వులు తెలుపు, మూడు నాలుగు మిల్లీమీటర్ల వెడల్పు, ఆరు రేకులు. కాయలు బఠాణీ కంటే చిన్నవి, పండితే ఎర్రగా మారతాయి, లోపల నల్లటి గింజలుంటాయి. నేల కింద ఒకే చోటు నుంచి గుత్తిగా వేలాడే పొడవాటి తెల్లటి దుంపలుంటాయి. వాటిని చూడటానికి తవ్వనక్కరలేదు, తవ్వవద్దు కూడా.

ఇక మనకు కావలసిన చిగురు. వాన తర్వాత మొదట్లోంచి నిటారుగా లేస్తుంది. ఆకులేమీ విచ్చుకోకుండా, చిన్న త్రికోణాకారపు పొలుసులు కాడకు అంటుకుని, కొస దగ్గర దట్టంగా ముడుచుకుని ఉంటాయి. ఆకుపచ్చగా ఉంటుంది, కొన్నిటికి ఊదా ఛాయ కూడా. మార్కెట్లో దొరికే ఆస్పరాగస్ కాడను సన్నం చేసినట్లే ఉంటుంది.

ఎలాంటి చోట వెతకాలి?

పూర్తి నీడలోనూ కాదు, బోడి మైదానంలోనూ కాదు. అరనీడ, నీరు నిలవని ఎర్ర నేల, ఎక్కడానికి ఒక ముళ్ల పొద ఉంటే పిల్లిపీచరకు చాలు. ఆనందపురం, పెందుర్తి, భీమిలి వైపు పల్లెల్లో జీడిమామిడి తోటలకు, మామిడి తోటలకు పాతకాలపు జీవకంచెలు ఇంకా కొన్ని మిగిలి ఉన్నాయి. వాటిలో చూడండి. రేగు, బలుసు, కలివి, కలబంద, నాగజెముడు కలిసిపోయి పెరిగిన కంచె అయితే ఆశ పెట్టుకోవచ్చు. సిమెంటు స్తంభాలు పాతి ఇనుప తీగ లాగిన చోట అది బతకదు. కంచెలు మారిపోతున్న కొద్దీ ఈ తీగ మన కళ్ల ముందునుంచే తప్పుకుంటోంది.

కంబాలకొండలో, సింహాచలం కొండ మీద కోయవచ్చా?

కోయకూడదు. కంబాలకొండ వన్యప్రాణి అభయారణ్యం. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం అభయారణ్యంలోంచి అనుమతి లేకుండా ఆకు కూడా తీసుకురావడానికి వీల్లేదు. నగరం చుట్టూ ఉన్న కొండల్లో చాలా భాగం రిజర్వు అడవి, అక్కడ ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం, 1967 వర్తిస్తుంది. సింహాచలం పరిసరాల్లో దేవస్థానం భూములున్నాయి. తొట్లకొండ, బావికొండ బౌద్ధ ఆరామాల రక్షిత స్థలాలు. ఎర్రమట్టి దిబ్బలు భూవారసత్వ సంపద, అక్కడ మట్టి కదిలించడమే తప్పు. యారాడ, డాల్ఫిన్ నోస్ వైపు నౌకాదళం పరిధిలోని భూములున్నాయి.

వీటిలో ప్రవేశం ఉన్న చోట్లకు నడకకు వెళ్లవచ్చు, అనుమతించిన దారిలో నడుస్తూ తీగను కళ్లతో గుర్తుపట్టడం నేర్చుకోవచ్చు. నేర్చుకోవడానికి కంబాలకొండ ఎంతో మంచి చోటు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను ఈ కొండల మీద చెట్లను పడగొట్టిన తీరు చూసినవారికి, ఆ తర్వాత తుప్పలూ తీగలూ మళ్లీ ఎలా కమ్ముకొచ్చాయో చూసినవారికి అక్కడ ఒక్క కొమ్మ కూడా విరవబుద్ధి కాదు.

కోయడం మాత్రం మీ సొంత భూమిలోనో, తెలిసినవారి తోటలోనో, యజమానిని అడిగి మాత్రమే. అడిగితే కాదనేవారు తక్కువ. కంచె మీద ముళ్లతీగ చిగుళ్లు కోసుకుంటామంటే చాలామంది నవ్వి పొమ్మంటారు. మరుసటి ఏడాది అదే కంచెను యంత్రంతో తీయించేముందు మీ మాట వాళ్లకు గుర్తుకు రావాలి. కాబట్టి కోసినదాంట్లో కొంత వాళ్లింటికీ ఇవ్వండి, ఎలా వండాలో చెప్పండి.

అరకు, పాడేరు వైపు వెళ్లి సేకరించవచ్చా?

అక్కడి అడవి మీద హక్కు అక్కడివారిది. అటవీ హక్కుల చట్టం, 2006 చిన్నతరహా అటవీ ఉత్పత్తుల సేకరణ హక్కును అడవిలో నివసించే గిరిజనులకు, తరతరాలుగా అడవిని నమ్ముకున్నవారికి ఇచ్చింది. వారాంతంలో కారులో వెళ్లే మనకు ఇవ్వలేదు. వారపు సంతకు వెళ్లి, వాళ్లు తెచ్చి అమ్మేవి బేరమాడకుండా కొనండి. వానాకాలంలో సంతకు వచ్చే వెదురు చిగుళ్లు, ఆకుకూరలు, పుట్టగొడుగులు చూస్తే కళ్లు తిరిగిపోతాయి. ఏది ఎలా వండాలో అమ్మే అక్కనే అడగండి. ముఖ్యంగా వెదురు చిగుళ్లను ఉడికించి నీళ్లు పారబోయకుండా తినకూడదు, వాటిలో సయనైడ్‌ను విడుదల చేసే పదార్థం ఉంటుంది. గిరిజన సహకార సంస్థ 1956 నుంచి ఈ కొండల అటవీ ఉత్పత్తులను కొంటోంది, దాని ప్రధాన కార్యాలయం విశాఖలోనే ఉంది. తేనె, కుంకుడుకాయలు ఆ సంస్థ దుకాణాల్లో దొరుకుతాయి.

పొరపాటున విషపు మొక్కను కోసే ప్రమాదం ఉందా?

ఉంది, అదీ ప్రాణం తీసేది. అడవినాభి. నాభి అని, అగ్నిశిఖ అని కూడా అంటారు. మంటలా ఎరుపు, పసుపు రేకులు పైకి తిరిగి ఉండే అందమైన పువ్వు దానిది. పువ్వు ఉన్నప్పుడు ఎవరూ పొరపడరు. చిక్కంతా వానల మొదట్లోనే. పిల్లిపీచర చిగురించే ఆ రోజుల్లోనే, అలాంటి కంచెల్లోనే, అడవినాభి కూడా నేల కింది దుంప నుంచి లేత పచ్చటి కాడతో పైకి వస్తుంది. దాంట్లో కోల్చిసిన్ అనే విషం ఉంటుంది. మొక్కంతా విషమే, దుంపలో మరీ ఎక్కువ. తిన్న వెంటనే ఏమీ తెలియకపోవచ్చు. కొన్ని గంటల తర్వాత వాంతులు, విరేచనాలు మొదలై, ఆ తర్వాత మూత్రపిండాలు, గుండె, రక్తకణాలు దెబ్బతింటాయి. విరుగుడు మందు సులభంగా దొరికేది కాదు.

తేడా చూడండి. అడవినాభి కాడకు ముళ్లుండవు. మొలిచిన కొద్ది రోజుల్లోనే వెడల్పైన, నున్నటి, మెరిసే ఆకులు విచ్చుకుంటాయి. పెరిగే కొద్దీ ఆకు కొస సన్నబడి నులితీగలా చుట్టుకుంటుంది. పిల్లిపీచర చిగురుకు విచ్చుకునే ఆకు అంటూ ఉండదు, పొలుసులే. దుంపలూ వేరు. అడవినాభిది వంగిన గొట్టంలా రెండు పాయలుగా ఉంటుంది, పిల్లిపీచరవి గుత్తిగా వేలాడతాయి.

ఇన్ని గుర్తులున్నా మరీ లేత దశలో, మసక వెలుతురులో, హడావుడిలో కన్ను మోసపోవచ్చు. అందుకే నేను ఎవరికి చెప్పినా ఒకే నియమం చెబుతాను. చిగురును చూసి కోయకండి, తల్లి తీగను చూసి కోయండి. నిరుటి ముళ్ల కాడ మొదట్లోంచి, దాన్ని ఆనుకుని వచ్చిన చిగురునే తీసుకోండి. రెండడుగుల దూరంలో ఒంటరిగా లేచినది ఎంత బాగున్నా వదిలేయండి. ఆ కంచెలో ఎక్కడైనా అడవినాభి ఉందని తెలిస్తే మొదటి ఏడాది అక్కడ అసలు కోయవద్దు. ఎవరైనా తిన్నారని అనుమానం వస్తే లక్షణాల కోసం ఎదురుచూడకుండా 108కు ఫోను చేసి, మిగిలిన మొక్క ముక్కను వెంట తీసుకుని ఆసుపత్రికి వెళ్లండి.

కుండీలో అందం కోసం పెంచే ఆస్పరాగస్ ఫెర్న్ చిగుళ్లు తినవచ్చా?

వద్దు. అవి వేరే జాతులు, అలంకారానికే. వాటి రసం కొందరికి చర్మం మీద దురద పుట్టిస్తుంది, కాయలు పిల్లులకు, కుక్కలకు కూడా హాని చేస్తాయి.

చిగురును ఎప్పుడు, ఎలా కోయాలి?

జానెడు పొడవు ఉన్నప్పుడు, ఉదయం పూట. రెండు వేళ్లతో పట్టుకుని కొస నుంచి కిందికి జరుపుతూ మెల్లగా వంచండి. ఎక్కడ టప్పున విరుగుతుందో అక్కడివరకే లేత. దాని కింద పీచు ఉంటుంది, ఎంత ఉడికించినా నమలలేరు. కత్తి అవసరం లేదు. కత్తితో మొదలంటా కోస్తే పక్కన నేలలోపల ఇంకా పైకి రాని మొగ్గలు తెగుతాయి.

పొలుసుల కింద ముళ్లు మొదట మెత్తగా ఉంటాయి. వేలికి గుచ్చుకోవడం మొదలైందంటే ఆ కాడకు కాలం దాటిపోయింది. వానాకాలంలో ఇది చాలా వేగంగా జరుగుతుంది. ఈ ఆదివారం చూసి వచ్చే ఆదివారం కోద్దామనుకుంటే అప్పటికి అది తీగ అయిపోయి పొద పైకి చేరుకుంటుంది.

ఒక తీగ నుంచి ఎన్ని కోయవచ్చు?

సగం కంటే ఎక్కువ ఎప్పుడూ వద్దు. నాలుగు వస్తే రెండు. ఒక్కటే వస్తే ఒక్కటీ కోయవద్దు. ఎండాకాలమంతా దుంపలో దాచుకున్నదాన్ని ఖర్చుపెట్టి మొక్క ఆ చిగుళ్లు వేసింది. అవి పచ్చబడి ఎండను తీసుకుంటేనే వచ్చే ఏటికి దుంప మళ్లీ నిండుతుంది. ముదురు తీగకు, మొదట్లో పాత కాడలు గుత్తిగా ఉన్నదానికి, శక్తి ఎక్కువ. సన్నగా ఒకటే కాడ ఉన్న పిల్ల మొక్కల జోలికి వెళ్లకండి. జూలై నెల సగానికి వచ్చేసరికి కోత ఆపేయండి.

దీనివల్ల ఒక పూట కూరకు సరిపడా చిగుళ్లు దొరకడానికి చాలా కంచెలు తిరగవలసి వస్తుంది. తిరగండి. తక్కువగా దొరికితే పప్పులో వేసుకోండి.

ఎలాగూ తీగ దొరికింది కదా, శతావరి దుంపలు కూడా తవ్వుకోవచ్చా?

దయచేసి తవ్వవద్దు. ఇది నేను మర్యాద కోసం చెబుతున్న మాట కాదు. చిగురు కోస్తే మొక్క బతుకుతుంది, దుంపలు తవ్వితే చస్తుంది. శతావరికి మందుల పరిశ్రమలో గిరాకీ పెద్దది, జాతీయ ఔషధ మొక్కల బోర్డు సాగును ప్రోత్సహిస్తున్న మొక్కల్లో ఇదీ ఉంది. ఆ గిరాకీకి అడవిలోంచి ఏళ్ల తరబడి దుంపలు తవ్వుకుపోవడం వల్ల ఎన్నో చోట్ల ఈ తీగ పలచబడింది. విత్తనం నుంచి పెరిగిన మొక్కకు చెప్పుకోదగ్గ దుంప ఊరడానికి ఏడాదిన్నర నుంచి మూడేళ్లు పడుతుంది. అదీ నీరూ ఎరువూ పెట్టిన పొలంలో. రాళ్ల నేలలో ఎండను కాచుకుంటూ పెరిగిన అడవి తీగకు అంతకంటే ఎక్కువే.

పైగా దుంప మందు. ఎవరు, ఎంత, ఎన్నాళ్లు వాడాలన్నది వైద్యుడు చెప్పాలి. కావాలంటే సాగు చేసినవారి దగ్గర కొనుక్కోండి. దుంపల కోసం ఎవరైనా కంచెల వెంట గునపాలతో తిరుగుతుంటే తోట యజమానికి చెప్పండి.

ఎర్రటి కాయలు తినవచ్చా?

తినకూడదు. పిట్టలు తింటాయి, అవే విత్తనాలను కంచె నుంచి కంచెకు చేరవేస్తాయి. వాటికి వదిలేయండి.

చిగుళ్లు చేదుగా ఉంటాయా? ఎలా వండాలి?

కొద్దిగా చేదు ఉంటుంది, మార్కెట్ ఆస్పరాగస్ కంటే ఎక్కువే. ఆ చేదు నాకు నచ్చుతుంది. కాకరకాయ తినేవారికి ఇదొక లెక్క కాదు. వద్దనుకుంటే ఉప్పు వేసిన నీటిని మరిగించి, చిగుళ్లను మూడు నాలుగు నిమిషాలు ఉడకనిచ్చి, ఆ నీటిని వంపేయండి. చేదు చాలావరకు పోతుంది, రంగు నిలుస్తుంది.

అన్నిటికంటే బాగా కుదిరేది పెసరపప్పుతో. పప్పును పలుకుగా ఉడికించి, నీరు వంపేసిన చిగుళ్లను అంగుళం ముక్కలుగా విరిచి కలపండి. ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, ఇంగువతో పోపు పెట్టి, దించాక నిమ్మకాయ పిండండి. చింతపండు వేస్తే చిగురు రుచి అణిగిపోతుంది. ఆవపెట్టి చేసినా బాగుంటుంది. పచ్చి కొబ్బరి, ఆవాలు, పచ్చిమిర్చి నూరిన ముద్దను పొయ్యి ఆపాక కలపాలి, ముందే కలిపితే ఆవ ఘాటు చేదెక్కుతుంది.

విశాఖలో ఉండి రొయ్యల మాట ఎత్తకుండా ఎలా? చేపల రేవులో ఉదయాన్నే కొన్న చిన్న పచ్చి రొయ్యలను ఉల్లిపాయ, అల్లం వెల్లుల్లితో వేయించి, నీరంతా ఇగిరాక చివర్లో ఈ చిగుళ్లు వేయండి. రెండు నిమిషాలు చాలు. మసాలా పొడి వద్దు, మిరియాలు సరిపోతాయి. రొయ్యల తీపి, చిగురు చేదు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. జూన్ వానలో దీన్ని వేడి అన్నంలో కలుపుకుని తిన్నవారెవరూ ముళ్లు గుచ్చుకున్నాయని ఫిర్యాదు చేయగా నేను వినలేదు.

పచ్చివి తినవచ్చా?

ఉడికించే తినండి. మొదటిసారి తినేవారు రెండు మూడు చిగుళ్లతో ఆపి, ఒక రోజు చూసి, ఆ తర్వాతే ఎక్కువ తినండి. ఆస్పరాగస్ జాతి పడనివారు కొందరుంటారు.

గర్భిణులు, పిల్లలు, మందులు వాడుతున్నవారు తినవచ్చా?

గర్భిణులు, బాలింతలు, రోజూ మందులు వాడేవారు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు వైద్యుడిని అడగకుండా తినకపోవడమే మేలు. బాలింతలకు శతావరి మంచిదన్న మాట వాడుకలో ఉంది, కానీ అది వైద్యుడు మోతాదు చూసి ఇచ్చే మందు గురించి. కంచె మీద మనమే కోసుకున్నదాని గురించి కాదు. చిన్న పిల్లలకు అడవి నుంచి తెచ్చినది ఏదైనా సరే, పెద్దలు ముందు తిని చూసిన తర్వాతే.

తిన్నాక మూత్రానికి వింత వాసన వస్తుందా?

మార్కెట్ ఆస్పరాగస్‌తో ఇది ప్రసిద్ధి. దానిలోని ఆస్పరాగసిక్ ఆమ్లం శరీరంలో విచ్ఛిన్నమై గంధకపు వాసన ఇచ్చే పదార్థాలు పుడతాయి. ఆ వాసన అందరికీ తెలియదు, పసిగట్టలేని ముక్కులు చాలా ఉన్నాయి. ప్రమాదం ఏమీ లేదు.

పాముల భయం ఉంది. ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

ఆ భయం ఉండటం మంచిదే. తొలకరి వానలకు కప్పలు బయటికొస్తాయి, వాటి వెంట పాములూ వస్తాయి. విశాఖ కంచెల్లో నాగుపాము, కట్లపాము, రక్తపింజర ఉంటాయి. లోపలి కొండల వైపు గిరినాగు కూడా ఉంది. మడమల పైదాకా వచ్చే బూట్లు, మందపాటి ప్యాంటు వేసుకోండి. పొదలో చేయి పెట్టేముందు పొడవాటి కర్రతో కదిలించి, కాసేపు ఆగండి. కనిపించని చోట చేయి పెట్టవద్దు, అంతే. చీకటి పడ్డాక, తెల్లవారకముందు వెళ్లవద్దు. కాటు పడితే కోయడం, పీల్చడం, గట్టిగా కట్టడం ఏదీ చేయకుండా, కదలకుండా ఉంచి ఆసుపత్రికి చేర్చండి. పామును చంపి వెంట తీసుకెళ్లనక్కరలేదు.

పాముల కంటే చాలామంది మరిచిపోయేది స్క్రబ్ టైఫస్. తుప్పల్లో ఉండే కంటికి కనిపించనంత చిన్న నల్లి (మైట్) పిల్లలు కుట్టడం వల్ల వచ్చే జ్వరం అది. ఇంటికి రాగానే బట్టలు వేడినీటిలో వేసి, స్నానం చేయండి. వారం పది రోజుల్లో జ్వరం వస్తే, ఒంటి మీద ఎక్కడైనా కాలినట్లు నల్లటి పెచ్చు కనిపిస్తే, తుప్పల్లో తిరిగిన సంగతి డాక్టరుకు తప్పకుండా చెప్పండి. ఆ ఒక్క మాటతో సరైన మందు త్వరగా అందుతుంది.

రోడ్డు పక్కన, పరిశ్రమల దగ్గర కనిపిస్తే?

వదిలేయండి. జాతీయ రహదారి 16 పక్కన వాహనాల పొగ, దుమ్ము. ఓడరేవు వైపు బొగ్గు ధూళి. గాజువాక, పరవాడ పరిశ్రమల పరిసరాలు ఎలా ఉంటాయో వేరే చెప్పనక్కరలేదు. జీడితోటల్లో పూత సమయంలో పురుగుమందులు కొడతారు కాబట్టి ఎప్పుడు, ఏది కొట్టారో యజమానిని అడిగి తెలుసుకోండి.

ఇంట్లో పెంచుకోవచ్చా?

తప్పకుండా. అందరికీ నేను మొదట ఇదే చెబుతాను. పండిన కాయల్లోంచి నల్లటి గింజలు తీసి, ఒక రాత్రి నీటిలో నానబెట్టి, వేసవి చివర్లో ఇసుక కలిపిన మట్టిలో వేయండి. మొలకెత్తడానికి మూడు నాలుగు వారాలు పట్టవచ్చు, తడి ఆరనివ్వకుండా చూడండి. జానెడు ఎత్తు వచ్చాక లోతైన కుండీలోకి మార్చండి. డాబా మీదైతే సిమెంటు సంచి లోతు ఉండాలి. దుంపలు కిందికి దిగడానికి చోటు లేకపోతే పైన చిగురూ ఉండదు. నీరు నిలిస్తే దుంప కుళ్లుతుంది. ఎక్కడానికి ఒక కర్రల పందిరి ఇవ్వండి, ముళ్లున్నాయి కాబట్టి పిల్లలు తిరిగే దారికి దూరంగా.

మొదటి రెండేళ్లు ఒక్క చిగురు కూడా కోయవద్దు. మూడో ఏట వానలకు కోసుకోవచ్చు. పెరడు ఉన్నవారు గోడకు బదులు కంచెలోనే నాటితే ఇంకా మంచిది. గోరింట, గురివింద, రేగు మధ్య అది హాయిగా పెరుగుతుంది.

కోసినవి ఎన్నాళ్లు నిల్వ ఉంటాయి?

తడిపిన నూలు గుడ్డలో చుట్టి ఫ్రిజ్‌లో పెడితే రెండు రోజులు. ఆ తర్వాత పీచు పట్టి, చేదు పెరుగుతుంది. ఎక్కువ దొరికితే ఉప్పునీటిలో ఒక నిమిషం ఉడికించి, చల్లటి నీటిలో వేసి తీసి, ఆరబెట్టి, డీప్ ఫ్రీజర్‌లో పెట్టండి, కొన్ని వారాలు ఆగుతాయి. ఎండబెడితే రుచి నిలవదు.